రెండు పుల్కాలే తిన్నా షుగర్ ఎందుకు దిగదు?

“రాత్రి రెండు పుల్కాలు తప్ప ఇంకేమీ ముట్టను డాక్టరుగారూ. అయినా పొద్దున్నే పరగడుపున చూసుకుంటే నూట అరవై!” షుగర్ డాక్టరు గది బయట ఓ అరగంట కూర్చుంటే ఈ మాట ఏదో ఒక గొంతులో వినపడక మానదు. ఆ మనిషి అబద్ధమాడటం లేదు. స్వీట్లు మానేశాడు, టీలో పంచదార మానేశాడు, కాకరకాయ రసం కూడా తాగుతున్నాడు. అయినా మీటరు కనికరించదు. ఇంట్లోవాళ్లకేమో అనుమానం, వంటింట్లో డబ్బాలు ఎవరు తెరుస్తున్నారా అని.

నిజానికి ఆ నూట అరవైకి పుల్కాలతో పెద్దగా సంబంధం లేదు. ఎనిమిదింటికి తిన్నది అర్ధరాత్రి దాటేసరికి దాదాపు అరిగిపోతుంది. తెల్లవారుజామున రక్తంలో తిరిగే గ్లూకోజులో చాలా భాగం మన కాలేయమే తయారుచేసి వదిలింది. ఇది దాని రోజువారీ పని. మెదడుకు రోజుకు 120 గ్రాముల దాకా గ్లూకోజు కావాలి, మనం నిద్రపోతున్నా సరే. అందుకని లివర్ తన దగ్గర దాచుకున్నది కొంత కరిగిస్తుంది, కొంత కొత్తగా తయారుచేస్తుంది. ఎంత వదలాలో, ఎప్పుడు ఆపాలో చెప్పేది ఇన్సులిన్. ఆరోగ్యంగా ఉన్న లివర్ ఆ మాట వింటుంది. కొవ్వు పట్టిన లివర్ వినదు. ఇన్సులిన్ చాలని చెబుతున్నా అది రాత్రంతా గ్లూకోజు వదులుతూనే ఉంటుంది. పరగడుపు షుగర్ అంటే నిన్నటి భోజనం లెక్క అనుకుంటాం గానీ, చాలామందిలో అది లివర్‌లో పేరుకున్న కొవ్వు లెక్క.

ఈ కొవ్వు ఎక్కడిది? “నెయ్యి వాసన కూడా చూడను, నాకు ఫ్యాటీ లివర్ ఏమిటి” అనేవాళ్లున్నారు. అన్నం తింటే గ్లూకోజవుతుంది. అందులో కొంత కండరాల్లోకి, కొంత లివర్‌లోకి వెళ్లి గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. కానీ ఆ నిల్వకు హద్దుంది, లివర్‌లో అది దాదాపు వంద గ్రాములే. అది నిండాక కూడా గ్లూకోజు వస్తూనే ఉంటే, లివర్ దాన్ని కొవ్వుగా మార్చడం మొదలుపెడుతుంది. అంటే చుక్క నెయ్యి తాకకుండా, ఒట్టి అన్నంతోనే లివర్‌కు కొవ్వు పట్టించుకోవచ్చు. రక్తపరీక్ష కాగితంలో ట్రైగ్లిజరైడ్లు అని ఒక వరస ఉంటుంది చూడండి, లివర్ బయటికి పంపే కొవ్వు కనపడేది అక్కడే. ఆ కొవ్వులో కొంత పోయి ఇన్సులిన్ తయారుచేసే క్లోమ గ్రంథిలో చేరుతుంది, అక్కడి బీటా కణాలను మందగింపజేస్తుంది. ఇన్సులిన్ తగ్గితే షుగర్ పెరుగుతుంది, షుగర్ పెరిగితే లివర్‌లో కొవ్వు పెరుగుతుంది. ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ప్రొఫెసర్ రాయ్ టేలర్ 2008లో ప్రతిపాదించిన ‘జంట వలయాల’ సిద్ధాంతం సారం ఇదే.

ఆయన దాన్ని ప్రతిపాదనగానే వదిలెయ్యలేదు. బరువు తగ్గించే ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లలో షుగర్ కొద్ది రోజుల్లోనే దిగిపోవడం డాక్టర్లు అప్పటికే గమనించారు. చాలామంది దానికి పేగుల్లోని హార్మోన్లే కారణమన్నారు. టేలర్ మాత్రం, ఆపరేషనయిన మనిషి దాదాపు ఏమీ తినలేడు కదా, కారణం అదే ఎందుకు కాకూడదు అన్నారు. షుగర్ వచ్చి నాలుగేళ్లు మించని 11 మందికి ఎనిమిది వారాల పాటు రోజుకు 600 కేలరీలే ఇచ్చి, లివర్‌నూ క్లోమాన్నీ ఎమ్మారైతో చూశారు. 2011లో అచ్చయిన ఆ ఫలితాలు చూసి వైద్యలోకం ఉలిక్కిపడింది. మొదటి ఏడు రోజుల్లోనే పరగడుపు షుగర్ 166 నుంచి 106కి దిగింది. అదే వారంలో లివర్‌లోని కొవ్వు 30 శాతం తగ్గింది. క్లోమం మెల్లగా, ఎనిమిది వారాలు తీసుకుని దారికొచ్చింది. వచ్చిందంటే పోనిదనీ, ఏటేటా ముదిరేదే తప్ప వెనక్కి తిరగదనీ వైద్య విద్యార్థులకు నేర్పిన జబ్బు అది.

పదకొండు మందిని చూసి ఎవరూ వైద్యం మార్చరు. అందుకే స్కాట్లండులో, ఉత్తర ఇంగ్లండులో 49 ఊరి క్లినిక్కుల్లో 306 మందితో ‘డైరెక్ట్’ అనే పెద్ద పరీక్ష చేశారు. టేలర్‌తో పాటు గ్లాస్గో ప్రొఫెసర్ మైక్ లీన్ దానికి నాయకుడు. సగం మందికి మొదటిరోజే షుగర్ మాత్రలు ఆపేసి, మూడు నుంచి అయిదు నెలలు రోజుకు సుమారు 850 కేలరీల సూపులు, షేకులతో నడిపించారు. తర్వాత మెల్లగా మామూలు తిండికి తెచ్చారు. ఏడాది తిరిగేసరికి వాళ్లలో 46 శాతం మందికి మందు లేకుండానే షుగర్ అదుపులో ఉంది, మామూలు వైద్యం పొందినవాళ్లలో 4 శాతం మందికే అలా ఉంది. 15 కిలోలు, ఆపైన తగ్గినవాళ్లను విడిగా చూస్తే పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది గట్టెక్కారు. ఏం తిని తగ్గారన్నదానికన్నా, ఎంత తగ్గారన్నదే ఫలితాన్ని తేల్చింది.

యూట్యూబులో ఈ కథ ఇక్కడితో ఆగుతుంది. కానీ తర్వాతి అధ్యాయం కూడా ఉంది. రెండేళ్లకు ఆ 46 శాతం 36 అయ్యింది. అయిదేళ్ల వరకూ వెంటబడి చూసిన 85 మందిలో మందుల్లేకుండా నిలిచినవాళ్లు 13 శాతమే. బరువు తిరిగొచ్చింది, దాంతోపాటే షుగరూ వచ్చింది. అందుకే డాక్టర్లు ‘నయమైంది’ అనరు, ‘ఉపశమనం’ అంటారు. మందులు ఆపి కనీసం మూడు నెలలయ్యాక, సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 కన్నా తక్కువుంటే ఆ పేరు వాడొచ్చని 2021లో అంతర్జాతీయంగా ఒక ఒప్పందానికి వచ్చారు. పది కిలోలు తగ్గడం చాలామంది చేయగలరు. తగ్గిన చోట మూడేళ్లు నిలబడటమే అసలు వైద్యం. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

“ఇదంతా దొరల సంగతి. వాళ్లు వంద కిలోలుంటారు, పదిహేను తగ్గుతారు. నేనుండేదే అరవై రెండు కిలోలు, ఇంకేం తగ్గను?” సరైన ప్రశ్న. దీనికి జవాబు 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక ఫొటోలో ఉంది. పుణె కేఈఎం ఆసుపత్రి డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ ప్రొఫెసర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి బీఎంఐ సరిగ్గా ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూడ్డానికి సన్నగా ఉండి లోపల కొవ్వు మోసే ఈ శరీరం మనకు పుట్టుకతోనే వస్తుందని యాజ్ఞిక్ బృందం పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లలను కొలిచి చూపించింది. ఇంగ్లండు పిల్లలతో పోలిస్తే మన పసివాళ్లు బరువులో చాలా తక్కువ, కండలో తక్కువ, కొవ్వులో మాత్రం పెద్ద తేడా లేదు.

దీన్ని రైతు ఇంటి లెక్కలో చెప్పుకోవచ్చు. పండిన ధాన్యం గాదెలో పోస్తాం. గాదె నిండితే బస్తాలు వసారాలోకి వస్తాయి, ఆ పైన నట్టింట్లోకి. చర్మం కింద కొవ్వు పట్టే చోటు మన గాదె. దాని వల్ల పెద్దగా చెరుపు లేదు. యూరపువాళ్లలో చాలామందికి అది పెద్దది, మనలో చాలామందికి చిన్నది. మన నట్టిల్లు లివరూ క్లోమమూ. కాబట్టి 62 కిలోల మనిషికి కూడా తన గాదెకు మించిన కొవ్వు ఉండొచ్చు. బీఎంఐ 27 కన్నా తక్కువున్న 20 మందితో టేలర్ బృందమే తర్వాత ఇదే ప్రయోగం చేస్తే, 14 మందికి షుగర్ ఉపశమించింది. వాళ్లు పదిహేను కిలోలు తగ్గనక్కర్లేకపోయింది, తమ బరువులో పదో వంతుకు లోపే చాలింది. మన అరవై రెండు కిలోల మనిషికి అది నాలుగైదు కిలోలు. భయపెట్టే అంకె కాదు.

అందుకే మన డాక్టర్లు బీఎంఐ 23 దాటగానే అధిక బరువు అంటారు. బీఎంఐ కన్నా నాకు టేపు మీద నమ్మకం ఎక్కువ. బొడ్డు దగ్గర, గాలి వదిలాక, పొట్ట లోపలికి లాగకుండా కొలవండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే గాదె నిండినట్టే. ప్యాంటు సైజు చూసి చెప్పకండి, మన మగవాళ్లు ప్యాంటు పొట్ట కింద కట్టుకుంటారు. ఐసీఎంఆర్ దేశమంతా చేసి 2023లో ప్రకటించిన సర్వేలో 10.1 కోట్ల మందికి షుగర్, ఇంకో 13.6 కోట్ల మందికి షుగర్ ముందు దశ ఉన్నట్టు తేలింది. పెద్దల్లో దాదాపు 40 శాతం మందికి పొట్ట కొలత గీత దాటింది.

ఇక మన కంచం దగ్గరికి వద్దాం.

తెలుగు భోజనంలో అన్నం ఒకసారి పెట్టేది కాదు. మొదట పప్పూ కూరల్లోకి, తర్వాత పులుసో చారో దాంట్లోకి, చివర పెరుగులోకి. “పెరుగన్నం తినకుండా లేస్తారేమిటండీ” అనే మాట వినని మగవాడు మన ఇళ్లలో ఉండడు. ఒక్కోసారి వడ్డించింది 150 గ్రాములనుకుంటే మూడుసార్లకు 450 గ్రాములు. వండిన తెల్లన్నం వంద గ్రాములకు సుమారు 130 కేలరీలు. ఈ లెక్కన ఒక్క పూట అన్నమే 580 కేలరీల పైన. 21 దేశాల్లో లక్షా 32 వేల మందిని ఏళ్ల తరబడి గమనించి 2020లో ప్రచురించిన ‘ప్యూర్’ అధ్యయనంలో, రోజు మొత్తం మీద 450 గ్రాములకు పైగా తెల్లన్నం తినేవాళ్లను అన్నిటికన్నా పై తరగతిలో వేశారు. ఆ తరగతిలోకి మనం మధ్యాహ్నానికే చేరిపోతున్నాం. దక్షిణాసియాలో ఆ తరగతి వాళ్లకు, తక్కువ అన్నం తినేవాళ్లతో పోలిస్తే షుగర్ వచ్చే అవకాశం 61 శాతం ఎక్కువగా కనిపించింది.

ఇక్కడే మన ఇళ్లలో ఒక పొరపాటు వైద్యం జరుగుతుంది. అన్నం రకం మారుస్తారు, కొలత మార్చరు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, మంచి వంగడమే. దాని గ్లైసీమిక్ ఇండెక్స్ 51 ప్రాంతంలో ఉంటుంది. హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన మెరుగుపరచిన సాంబ మసూరిదీ అంతే. 55 లోపు ఉంటే తక్కువ కింద లెక్క. ఇంతవరకూ అంతా నిజమే. కానీ ఆ సూచిక ఎలా కొలుస్తారో సంచీ మీద రాయరు. 50 గ్రాముల పిండిపదార్థం ఉండేలా తినిపించి చూస్తారు. అన్నంలో అది సుమారు 180 గ్రాములు. మన పళ్లెంలో ఉన్నది 450. పైగా గ్లైసీమిక్ ఇండెక్స్ అనేది షుగర్ ఎంత వేగంగా ఎక్కుతుందో చెబుతుందే తప్ప, కేలరీల గురించి ఒక్క ముక్క చెప్పదు. ‘షుగర్ ఫ్రీ బియ్యం’ అని అమ్మేవాడి మాట నమ్మి ఇంకో గరిటె వేసుకున్నవాళ్లకు మీటర్లో గ్రాఫు కొంచెం చదునవుతుంది, నడుము మాత్రం తగ్గదు.

చిరుధాన్యాలదీ అదే కథ. కొర్రలు, జొన్నలు, రాగులు తినండి, పీచు ఎక్కువ, కడుపులో కాసేపు నిలుస్తాయి. కానీ తూకానికి తూకం చూస్తే బియ్యానికీ వాటికీ కేలరీల్లో తేడా స్వల్పం. మెత్తగా ఆడించి పలచగా కాచిన రాగి జావ షుగర్‌ని చకచకా ఎక్కిస్తుంది. గింజగా ఉన్న జొన్నకూ, పిండైన జొన్నకూ తేడా ఉంది. సిరిధాన్యాల పేరుతో బిస్కట్లు, మురుకులు, లడ్డూలు కొనేవాళ్లకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

మరి పుల్కా? గోధుమపిండికి ప్రత్యేకమైన మహిమేమీ లేదు. దానికున్న గొప్ప గుణం ఒక్కటే, అది లెక్కకు దొరుకుతుంది. రెండంటే రెండే. అన్నాన్ని ఎవరూ లెక్కపెట్టలేరు, హస్తం పట్టుకున్నవాళ్ల ప్రేమను బట్టి కొలత మారుతుంది. అన్నం మీద మనసున్నవాళ్లు గోధుమకు మారనక్కర్లేదు. ఒక చిన్న గిన్నె పెట్టుకుని, ఆ గిన్నెతోనే రోజూ వడ్డించుకుంటే అన్నం కూడా పుల్కాలాగే లెక్కకు వస్తుంది. మూడు సార్లకూ కలిపి ఆ ఒక్క గిన్నె. పప్పు, కూర ఎక్కువ, చారు గ్లాసులో, పెరుగు గిన్నెలో చెంచాతో. మొదటి వారం పెరుగు ఒట్టిగా తినడం వింతగా ఉంటుంది. రెండో వారానికి అలవాటవుతుంది.

తగ్గించిన అన్నం చోట ఏం పెడతామన్నదే అసలు చిక్కు. ఖాళీగా వదిలేస్తే నాలుగింటికి చేయి మిక్చర్ డబ్బాలోకి వెళ్తుంది. మన తిండిలో పప్పు ఉందని ధైర్యంగా ఉంటాం. కందిపప్పు వంద గ్రాముల్లో 22 గ్రాముల ప్రొటీన్ ఉన్నమాట నిజం. కానీ ఇంట్లో నలుగురికి వండే పప్పులో ఒక్కొక్కరి వంతుకు వచ్చే పప్పు గింజలెన్ని? టమాటానో దోసకాయనో వేసి, నీళ్లు పోసి, మెదిపి, తాలింపు పెట్టాక ఒక గరిటెలో పదిహేను గ్రాముల పప్పుంటే గొప్ప. ప్రొటీన్ మూడు గ్రాముల చిల్లర. పప్పుచారుకైతే ఆ లెక్క కూడా అక్కర్లేదు. అందుకని ముద్దపప్పో, గట్టి పప్పుకూరో చేసి రెండు గరిటెలు వేసుకోవాలి. ఉడికించిన శనగలు, పెసరట్టు, గుడ్డు, చేప ముక్క, నాటుకోడి కూర ఏదైనా సరే. పెసరట్టు లాంటి మంచి టిఫిన్ మధ్యలో ఉప్మా పెట్టి పాడుచేసేదీ మనమే. దేశం మొత్తం మీద చూసినా మన శక్తిలో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని ఐసీఎంఆర్ సర్వే లెక్క తేల్చింది. షుగర్ వెనక్కి తిరగాలంటే దాన్ని 49 నుంచి 54 శాతానికి దించి, ప్రొటీన్‌ని 20 శాతం దగ్గరికి తేవాలని 18 వేలమంది తిండిని విశ్లేషించి 2022లో అదే సర్వే పరిశోధకులు చెప్పారు. కీటో పేరుతో అన్నం పూర్తిగా మానమని కాదు ఆ మాట. అయిదారు ముద్దల్లో ఒకటి రెండు తీసి, ఆ చోటు పప్పుకివ్వమని.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ధాన్యాల వాటా 45 శాతం మించొద్దనే ఉంది. ఆ సంస్థ పుట్టుకే బియ్యంతో ముడిపడింది. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధన కేంద్రమే దాని మొదటి రూపం. మర పట్టి తవుడంతా తీసేసిన బియ్యం తిని మన కోస్తా జిల్లాల జనం కాళ్లు వాచి, నడవలేక మంచాన పడిన కాలమది. నూరేళ్లు దాటినా ఆ తెల్ల బియ్యంతో మన పేచీ తీరలేదు.

ఏం తింటామన్నదే కాదు, ఏది ముందు తింటామన్నదీ లెక్కలోకి వస్తుంది. న్యూయార్కులోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలలో 2015లో షుగర్ ఉన్న 11 మందికి ఒకే భోజనం రెండు విధాలుగా పెట్టారు. ఒకరోజు బ్రెడ్డూ పళ్లరసమూ ముందు, కూరలూ చికెనూ తర్వాత. ఇంకోరోజు తిరగేసి. కూరలూ చికెనూ ముందు తిన్న రోజు గంట తర్వాత షుగర్ 37 శాతం తక్కువ ఉంది. చిన్న ప్రయోగమే, కానీ ఖర్చులేనిది, చేసి చూసుకోవచ్చు. మన భోజనంలో కూర అన్నంలో కలపడానికే పుట్టిందన్నట్టు ఉప్పూ కారం దట్టిస్తాం, ఒట్టిగా తినలేం. వంట చేసే చేయి కాస్త కారం తగ్గిస్తే బెండకాయ వేపుడూ, బీరకాయ కూరా ముందే కప్పుడు తినెయ్యొచ్చు. వేపుడు అన్నాను కాబట్టి నూనె మాట కూడా. గ్రాము నూనెలో 9 కేలరీలు, గ్రాము పిండిలో 4. ఒక చిన్న చెంచా నూనె 45 కేలరీలు. ఆలివ్ నూనైనా, గానుగ నువ్వుల నూనైనా, ఆవు నెయ్యైనా ఈ లెక్క మారదు. నెలకు ఇంటికి ఎన్ని లీటర్లు కొంటున్నారో చూసి, ఆ ఇంట్లో మనుషులతో భాగించుకోండి. ఒక్కొక్కరి వంతు ముప్పావు లీటరు దాటితే వంటింట్లో వెతకాల్సింది చక్కెర డబ్బా కాదు.

అన్నం ఒక విడత తగ్గితే 195 కేలరీలు, రెండు చెంచాల నూనె 90, సాయంత్రం టీతో పాటు తినే నాలుగు బిస్కట్లు మరో వంద. దాదాపు నాలుగు వందలు. ఒంట్లో కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. ఈ లెక్కన నెలకు కిలోన్నర తగ్గాలి. శరీరం మొండిది, లెక్క ప్రకారం నడవదు, తిండి తగ్గగానే ఖర్చు కూడా తగ్గిస్తుంది. అయినా ఆరు నెలల్లో అయిదారు కిలోలు తగ్గడం సాధ్యమే, సూపులూ షేకులూ లేకుండా, ఇంటి వంటతోనే.

మందుల సంగతి చాలామందికి చెప్పేవాళ్లుండరు. షుగర్ ముదిరినప్పుడు మనిషి చిక్కిపోతాడు, ఎందుకంటే రక్తంలో షుగర్ 180 దాటాక గ్లూకోజు మూత్రంలో పోతుంది, తిన్న కేలరీలు ఒంటికి అందవు. మందు మొదలుపెట్టగానే ఆ కారుడు ఆగుతుంది. తిండి అంతే, కేలరీలు మాత్రం ఒంట్లోనే ఉంటాయి, బరువు పెరుగుతుంది. దీనికి తోడు కొన్ని మందులు స్వతహాగా బరువు పెంచుతాయి. బ్రిటన్‌లో 1977 నుంచి ఇరవై ఏళ్లు సాగిన యూకేపీడీఎస్ అధ్యయనంలో ఇన్సులిన్ తీసుకున్నవాళ్లు, ప్రధానంగా పథ్యం మీద నడిచినవాళ్ల కన్నా సగటున 4 కిలోలు ఎక్కువ పెరిగారు. గ్లిమిపిరైడ్ జాతి మాత్రలు, పయోగ్లిటజోన్ కూడా బరువు పెంచుతాయి. ఈ మందులు చెడ్డవని కాదు, అదే అధ్యయనం షుగర్ అదుపు వల్ల కళ్లూ కిడ్నీలూ నిలబడతాయని తేల్చింది. కానీ మాత్ర డోసు ఎక్కువై పదకొండింటికి చెమటలు పట్టి, చేతులు వణికి, గ్లూకోజు బిస్కట్లు తినడం వారానికి రెండుమూడుసార్లు జరుగుతుంటే, ఆ మనిషి పథ్యం ఎంత గట్టిగా చేసినా బరువు తగ్గడు. తిండి తగ్గించినప్పుడు మాత్ర కూడా తగ్గించాలి, అది డాక్టరు చెయ్యాల్సిన పని. మెట్‌ఫార్మిన్ బరువు పెంచదు. మూత్రంలో గ్లూకోజును పంపించే కొత్త మాత్రలు రోజుకు 60 నుంచి 80 గ్రాముల దాకా బయటికి పంపి రెండు మూడు కిలోలు తగ్గిస్తాయి. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్ల గురించి ఇప్పుడు పెళ్లిళ్లలో కూడా మాట్లాడుకుంటున్నారు. పనిచేస్తాయి. సెమాగ్లుటైడ్ ఆపేసిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టు పరీక్షల్లోనే తేలింది.

కొన్నేళ్ల కిందట మన ఊళ్లలో కొబ్బరినూనె తాగుతూ అన్నం పూర్తిగా మానేసి, మందులన్నీ ఒక్క రోజులో పక్కన పెట్టినవాళ్లున్నారు. కొందరికి షుగర్ దిగింది, బరువూ దిగింది. ఇన్సులిన్ తప్పనిసరైనవాళ్లు దాన్ని మానేస్తే రక్తం ఆమ్లమయమై ఐసీయూకి చేరతారు. మూత్రంలో గ్లూకోజు పంపే మాత్రలు వేసుకుంటూ పిండిపదార్థాలు పూర్తిగా మానేసినవాళ్లకు ఇంకో ప్రమాదముంది, మీటర్లో షుగర్ మామూలుగా కనిపిస్తూనే ఆ ఆమ్లస్థితి రావచ్చు. వాంతులు, ఆయాసం వస్తే మీటరు చూసి ధైర్యం చెప్పుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

అందరూ తగ్గాలనీ కాదు. డెబ్బై దాటి, కాళ్లూ చేతులూ సన్నబడి, నడుము టేపులో గీత లోపలే ఉన్న పెద్దవాళ్లకు అన్నం కోసేసి ఇంకా చిక్కేలా చేయడం తప్పు. వాళ్లకు కావలసింది ప్రొటీన్, కండ. కండ గ్లూకోజుకు పెద్ద గిడ్డంగి. భోజనం చేశాక ఓ పావుగంట నడిస్తే పనిచేసే కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోంచి గ్లూకోజు లాక్కుంటుంది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం ఏ వయసువారైనా చెయ్యగలిగిన వ్యాయామం. ఇక ఏ ప్రయత్నమూ లేకుండా, ఆకలి లేక, బరువు దిగిపోతుంటే మురిసిపోకండి. షుగర్ అదుపు తప్పిందనో, ఇన్సులిన్ పూర్తిగా అడుగంటిందనో, క్లోమంలోనే ఏదో జబ్బుందనో అది చెబుతూ ఉండొచ్చు. వెంటనే చూపించుకోవాలి.

ఈసారి చెకప్‌కి వెళ్లేటప్పుడు షుగర్ రిపోర్టుతో పాటు ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకెళ్లండి. బొడ్డు దగ్గర నడుము కొలత, నిరుడు ఇదే నెలలో ఉన్న బరువు, వారంలో ఎన్నిసార్లు షుగర్ డౌన్ అయ్యి ఏదో ఒకటి తినాల్సి వచ్చిందో ఆ లెక్క. డాక్టరు రాసే చీటీ చేతికి తీసుకున్నాక, “వీటిలో బరువు పెంచేవి ఏవండీ? నేను అన్నం సగానికి తగ్గిస్తే వేటి డోసు తగ్గించాలి?” అని అడగండి. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడుతున్నవాళ్లు ఆ జవాబు వినకుండా తిండి తగ్గించవద్దు.